ఒత్తులు ఉచితం

అక్టోబరు 15, బుధవారం

ఇది 2019 నాటి డైరీ. ఎవరో ఇన్సూరెన్సు ఏజెంటు నాన్నకి ఇస్తే, మామ్మ ఇన్నేళ్ళూ బీరువాలో దాచి, ఈరోజు నాకు బహుమతిగా ఇచ్చింది. ఇందులో అచ్చయిన వారాలు ఒక రోజు వెనకబడి ఉన్నాయి. దీన్ని నమ్ముకుంటే ఆదివారం గుడికి సోమవారం వెళ్ళాలి.

"వారం కొట్టేసి రాసుకోవే. కాగితాలు కొత్తవే కదా?" అంది మామ్మ.

డిగ్రీలో తెలుగు తీసుకున్నప్పటినుంచి నాకు మాటల పిచ్చి పట్టుకుంది. ఈ వారం నచ్చిన మాట "తాత్సారం". ఆ మాట పలకడానికే కొంచెం తాత్సారం అవుతుంది. మెయిన్ రోడ్డులో పుస్తకాల షాపు అద్దం వెనక రెండు సంపుటాల నిఘంటువు ఉంది. రోజూ కాలేజీ నుంచి వస్తూ ఆగి చూస్తాను. షాపాయన ఈరోజు బయటికొచ్చి, "చూడ్డానికి డబ్బుల్లేవమ్మా. ముక్కు మాత్రం అద్దానికి ఆనించకండి, మరక పడతంది" అన్నాడు.

పొద్దున్న అమ్మ టూత్‌పేస్టు ట్యూబు చెత్తబుట్టలో పడేసింది. మామ్మ దాన్ని తీసి, కత్తెరతో నిలువునా కోసి, వేలితో గీకి, "ఇంకా ఉంది" అంది. అది మామ్మ ఊతపదం. సబ్బు అరిగి రేకులా అయినా ఇంకా ఉంది. వడకట్టిన టీపొడి ఎండబెడితే ఇంకా ఉంది. నాన్న ఆవిడ ఫోనుకి అన్‌లిమిటెడ్ ప్యాకు వేయించినా అందరికీ మిస్డ్ కాలే ఇస్తుంది. "ఎంత అన్‌లిమిటెడ్ అయినా వాడితే అరగదేంటి?" అంటుంది.

నాన్న దీన్ని పిసినారితనం అంటారు. మామ్మ పొదుపు అంటుంది. ఈ రెండు మాటలకీ మధ్య గీత ఎక్కడుందో నిఘంటువు చూసి తేల్చాలి. అందుకోసమైనా అది కొనాలి.

అక్టోబరు 19

నిఘంటువు కోసం నేనూ పొదుపు మొదలుపెట్టాను. నిన్న ఆటో ఎక్కకుండా కాలేజీ నుంచి నడిచి వచ్చాను. దారిలో దాహమేసి కొబ్బరిబొండం తాగాను. ఆటో కంటే బొండానికే ఎక్కువైంది. రేపటినుంచి దాహం వేయకుండా నడవాలి.

నవంబరు 2, ఆదివారం

సమాధుల పండగ. గుడి అయ్యాక అందరం తాతయ్య సమాధి దగ్గరికి వెళ్ళాం. నాన్న సున్నం వేశారు, అమ్మ బంతిపూలు పెట్టింది, నేను సిమెంటు సిలువ మీద వెలిసిపోయిన "లాజరు" అనే పేరుని పెయింటుతో దిద్దాను. మామ్మ వెలిగించిన కొవ్వొత్తిని కాసేపటికి ఆర్పేసి సంచిలో వేసుకుంది. "ఆయన చూసేశారులే" అంది.

తాతయ్య పక్కన ఖాళీ జాగా మామ్మది. దాన్ని కాలితో కొలుస్తున్నట్టు ఇటూ అటూ నడిచింది. అమ్మా నాన్నా ముందుకి వెళ్ళాక నా చెయ్యి పట్టుకుంది.

"వినీలా, నా రాయి నేనే చేయించుకుంటానే."

"అదేంటి మామ్మా?"

"నేను పోయాక మీ నాన్న ఏడుస్తా వెళ్తాడు రాయి కొనడానికి. ఏడ్చేవాడు బేరం ఆడగలడా? ఆ రాళ్ళు చెక్కే చిట్టియ్య ఎంతంటే అంత ఇచ్చేస్తాడు. ఇప్పుడైతే నేనున్నాను కదా."

రాతి డబ్బు, అక్షరాల డబ్బు వేరువేరుగా కట్టి పెట్టిందట. అక్షరాల మూటలో ఎంత మిగిలితే అంత నా నిఘంటువుకి. నాన్నకి మాత్రం చెప్పకూడదు.

"నా రాయి మీద నువ్వే రాయి" అంది.

రాయి, రాయి! మామ్మకి తెలియకుండానే ఎంత అందమైన వాక్యం వచ్చింది! నా జీవితంలో ఇది మొదటి రచనావకాశం. అదీ రాతి మీద.

నవంబరు 4

చిట్టియ్యగారి కొట్టు సమాధుల తోట గేటు పక్కనే. మామ్మని చూడగానే చేతిలో బీడీ పారేసి లేచి నిలబడ్డాడు. మామ్మ దగ్గర రెండో తరగతి చదివాడట.

"అక్షరానికి ఎనభై అండి, టీచరుగారండి."

"గుడింతాలకి?"

"అందులోనే కలిపేనండి."

"ఒత్తులకి?"

"ఒత్తులకి డబ్బుల్లేవండి. అక్షరం కింద ఏది తగిలించినా ఫ్రీయేనండి."

"మరి సున్నాకి?"

"సున్నా అక్షరమే కదండి."

"సున్నా అంటే ఏమీ లేకపోవడం కదయ్యా. ఏమీ లేనిదానికి డబ్బులేంటి?"

"గుండ్రంగా చెక్కడానికి చెయ్యి తిరగాలండి. అన్నిటికన్నా అదే కష్టమండి."

"నీకు సున్నా చుట్టడం ఎవరు నేర్పారు?"

చిట్టియ్యగారు తల దించుకున్నాడు. "మీరేనండి."

"ఫీజు తీసుకున్నానా?"

సున్నా ఉచితమైంది. పొల్లు అక్షరానికి సగం రేటు. తిరిగొస్తూ మామ్మ పదేళ్ళు చిన్నదైనట్టు నడిచింది. "పుట్టిన సంవత్సరం 1950లో కూడా సున్నా ఉందే. అదీ ఫ్రీ" అని మధ్యలో ఆగి మరీ నవ్వింది.

నవంబరు 5

మామ్మ చెప్పగా రాసుకున్నది ఇది:

"పెదపాటి రూతమ్మ టీచరు, లాజరుగారి భార్య, శ్యాంబాబు తల్లి. ముప్పై ఏళ్ళు పిల్లలతో అఆలు దిద్దించింది. ఎవరికీ బాకీ లేదు. కొబ్బరి పచ్చడి బాగా చేసేది."

బాగుంది. నిజంగా బాగుంది. కానీ అక్షరాల మూట మొత్తం ఖాళీ అయి, పైన మామ్మే అప్పు పడుతుంది. "ఎవరికీ బాకీ లేదు" అన్నది అబద్ధమైపోతుంది.

ఒత్తులు ఉచితం కాబట్టి ఒత్తులు ఎక్కువున్న మాటలు వాడితే లాభం అనిపించింది. సాయంత్రమంతా కూర్చుని "స్తుత్య స్త్రీ" అని తయారుచేశాను. మూడే అక్షరాలు, కింద ఒత్తుల గుత్తులు. పొగడదగిన ఆడమనిషి అని అర్థం. మామ్మకి వినిపించాను.

"ఎందుకే తిడతావు?" అంది.

నవంబరు 7

"కొబ్బరి పచ్చడి" తీసేశాను. సమాధి మీద తిండి గురించి రాయడం ఔచిత్యం కాదు. (ఔచిత్యం! క్లాసులో నిన్ననే వచ్చింది.) "లాజరుగారి భార్య" కూడా అక్కర్లేదు, ఆయన పక్కనే ఉంటారు కదా. ఇంటిపేరు ఊరందరికీ తెలుసు.

"శ్యాంబాబు తల్లి"? నాన్నకి తెలుసు.

దీన్ని సంక్షిప్తత అంటారు. గొప్పవాళ్ళ రచనల్లో ఉంటుందని మా లెక్చరరు చెప్పారు.

నవంబరు 8

"టీచరు" తీసేశాను. మామ్మ రిటైరయి చాలా కాలమైంది.

నవంబరు 9

"రూతమ్మ"లో చివరి అక్షరం తీసేశాను. బాప్తిస్మం రిజిస్టరులో "రూతు" అనే ఉందట. అదే అసలు పేరు. ఇది కోత కాదు, దిద్దుబాటు.

నవంబరు 11

రాయి మీద వేసేది ఇప్పుడు "రూతు", పుట్టిన సంవత్సరం, పోయిన సంవత్సరం. అంతే. పోయిన సంవత్సరం ఇప్పుడు తెలియదు కాబట్టి ఆ చోటు ఖాళీ వదలాలి. తర్వాత తోటలోకి మిషను తెచ్చి చెక్కాలంటే అంకెకి మూడు రెట్లు అవుతుందని చిట్టియ్యగారు చెప్పాడు. ఆ డబ్బు ఇప్పుడే మూటలోంచి తీసి పక్కన పెట్టాలంది మామ్మ. అంటే నా నిఘంటువులోంచి.

అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. అంకెలు ముందే కొన్ని చెక్కించేస్తే? రెండు వేల కాలమే కాబట్టి "20" ఎలాగూ పడుతుంది. ఆ తర్వాత ఇంకో "2" కూడా వేసేస్తే మిగిలేది ఒక్క అంకే.

చిట్టియ్యగారు ఉలి కింద పెట్టేశాడు. "అమ్మాయిగారండీ, అది బాగోదండి."

"బాగోకపోవడమేంటి? చవగ్గా ఉంటేను" అంది మామ్మ. వేళ్ళ మీద ఏదో లెక్కేసుకుంది. "ఇరవై తొమ్మిది దాకా వస్తుంది. అప్పటికి నాకు డెబ్బై తొమ్మిది. చాల్లే. ఆ పైన చేసేదేముంది?"

ఎంత ముందుచూపు!

నవంబరు 12

నిఘంటువుకి ఇంక కొంచెమే తక్కువ.

నవంబరు 18

రాయి పూర్తయింది. పీటంత నల్లటి గ్రానైటు పలక, నున్నగా మెరుస్తోంది. కొట్టులో ఉంచితే అద్దె అవుతుందని, అమ్మా నాన్నా ఇంట్లో లేనప్పుడు మామ్మ ట్రాలీ ఆటోలో ఇంటికి తెప్పించేసింది. "ఊరికే పెట్టడం ఎందుకు? అవసరం పడేదాకా వాడుకుంటాం" అని, చెక్కిన వైపు కిందికి పెట్టించి, వంటింటి గట్టు మీద వేయించింది.

సాయంత్రం అమ్మ స్కూలు నుంచి వచ్చి చూసింది. "ఏంటత్తయ్యగారూ ఇది?"

"చపాతీ బండ."

అమ్మ దాని మీద చెయ్యి వేసి నిమిరింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "పెళ్ళయి ఇరవై ఏళ్ళకి అత్తయ్యగారు నా వంటింటికి ఒక వస్తువు కొన్నారే" అని నాతో రహస్యంగా చెప్పింది.

నేను "అవునమ్మా" అన్నాను. అది అబద్ధం కాదు. వస్తువే.

నవంబరు 22

నాన్న మామ్మని కంటాసుపత్రికి తీసుకెళ్ళారు. రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరాయి, ఆపరేషను చేయిద్దాం అన్నారట. మామ్మ ఒప్పుకోలేదు.

"నాలుగేళ్ళ కోసం కొత్త కళ్ళా? దండగ. ఉన్నవాటితో సర్దుకుంటాను."

"నాలుగేళ్ళేంటమ్మా?" అన్నారు నాన్న.

"మాటవరసకి అన్నాన్రా."

దారిలో ఆయన కొనిపెట్టిన కొత్త చెప్పులు కూడా అట్టపెట్టెలోనే ఉంచేసింది. పిన్నీసు పెట్టిన పాతవి ఇరవై తొమ్మిది దాకా వస్తాయని నా చెవిలో చెప్పింది. నేను నవ్వాను. నవ్వొచ్చే విషయమే కదా.

నవంబరు 25

పెరట్లో పెట్టిన కొబ్బరి మొక్క కాపుకి రావడానికి ఆరేళ్ళు పడుతుందట. మామ్మ ఈరోజు దానికి నీళ్ళు పోయలేదు.

నవంబరు 30, ఆదివారం

గుడి మెట్ల దగ్గర మామ్మకి కళ్ళు తిరిగాయి. పక్కనున్నవాళ్ళు పట్టుకున్నారు. ఎండకే అనుకుంటాను.

పొద్దున్న ఎండ లేదు. అయినా ఎండకే.

డిసెంబరు 3, బుధవారం

ముందునుంచీ రాయాలి.

కాలేజీ నుంచి వచ్చేసరికి నాన్న వాష్‌బేసిను అద్దం ముందు నిలబడి ఉన్నారు. చేతిలో చపాతీ. దాన్ని రెండు చేతులతో అద్దానికి చూపిస్తున్నారు. అమ్మ పక్కనే, నెత్తిమీద కొంగు కప్పుకుని, కీర్తనల పుస్తకం తెరిచి గట్టిగా పాడుతోంది.

"వినీలా, ఇలా రా" అన్నారు నాన్న. "ఇది చదువు."

చపాతీ మీద అక్షరాలు ఉబ్బి ఉన్నాయి. తిరగబడి ఉన్నాయి కాబట్టి చపాతీలో చదవలేం. అద్దంలో మాత్రం చక్కగా కనిపిస్తున్నాయి. రూతు. 1950 – 202.

"దేవుడు మనతో మాట్లాడుతున్నాడే!" అంది అమ్మ, పాట ఆపి. "అత్తయ్యగారి పేరు, పుట్టిన సంవత్సరం ఇచ్చి, ఆవిడ కోసం 202వ కీర్తన పాడమంటున్నాడు. రెండుసార్లు పాడేశాను. పాస్టరుగారికి ఫోను చెయ్యి."

నాకు అర్థమైపోయింది. బండ తుడిచినప్పుడు మామ్మ దాన్ని తిరగేసి పెట్టింది. శుక్లాల వల్ల ఏ వైపు పైకి ఉందో చూసుకోలేదు. పిండి చల్లి దాని మీదే చపాతీలు ఒత్తేసింది.

వంటింట్లోంచి మామ్మ అరిచింది. "చపాతీలు చల్లారిపోతున్నాయి! మళ్ళీ వేడి చేస్తే గ్యాసు దండగ!"

నాన్న వంటింట్లోకి వెళ్ళారు. బండ మీద పిండిని అరచేత్తో తుడిచారు.

"ఏంటమ్మా ఇది?"

"రాయి. చవగ్గా వచ్చింది."

"ఈ 202 ఏంటి?"

"చివరి అంకె తర్వాత వేస్తారు. మూడేసి రెట్లు ఎవడు పోస్తాడని ముందే వేయించాను."

అమ్మ గోడకి ఆనుకుంది. "ఇన్నాళ్ళూ నేను చపాతీలు చేసింది దీని మీదా?" అని, "నా వంటింటికి కొన్నారనుకున్నాను" అంది.

నాన్న ఆ పేరు మీద వేలు పెట్టారు. "రూతేంటమ్మా? ఈ ఊళ్ళో నిన్ను రూతు అని ఎవరు పిలిచారు? అందరూ రూతమ్మగారే అంటారు కదా. ఇందులో అమ్మ ఏది? అమ్మని ఎవరు తీసేశారు?"

"నన్నడుగుతావేంటి? రాసింది నీ కూతురు."

నాన్న నా వైపు తిరిగారు. సంక్షిప్తత అని చెబుదామనుకున్నాను. నాలుగే అక్షరాలు. ఒక్కటి కూడా నోట్లోంచి రాలేదు.

అంతటితో అయిపోలేదు. చేతులు ఊరికే ఉండలేక అమ్మ రాత్రికి బియ్యం కడగబోయింది. డబ్బాలో చెయ్యి పెడితే మామ్మ బీపీ మాత్రల అట్టలు తగిలాయి. అన్నీ నిండుగా ఉన్నాయి.

"అమ్మా, ఇవి వేసుకోవట్లేదా?" అన్నారు నాన్న, ఒక్కో అట్టా తీసి చూస్తూ.

"వేసుకుంటే ఎలారా? క్రమం తప్పకుండా వేసుకుంటే ఎనభై అయిదు దాటిపోతానన్నారు డాక్టరుగారు. చెక్కించిన రెండు వృథా అయిపోదూ?"

డిసెంబరు 4

గుడి మెట్ల దగ్గర ఎండ లేదు.

డిసెంబరు 6

నాన్న బతిమాలారు. అరిచారు. రాయి తీసుకెళ్ళి గోదాట్లో పడేస్తానన్నారు. "పడెయ్. నాకు ఇంకోటి చేయించుకునే ఓపిక లేదు" అంది మామ్మ. కొత్త రాయి కొంటానన్నారు. "ఇది ఉండగానా?" అంది. అమ్మ ఏడ్చింది. పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేసి, మాత్రలు వేసుకోమని చెప్పి, టీ తాగి వెళ్ళారు. ఆ టీ రెండోసారి మరిగించిన పొడితో పెట్టింది మామ్మ. మాత్ర మాత్రం వేసుకోలేదు.

మనుషుల మాట వినదు. రాయి చెప్పిందే వింటుంది.

ఆ రాయికి ఆ మాట నేర్పింది నేను. పైగా ఆ "2" వల్ల మిగిలిన డబ్బు నా పెట్టెలో ఉంది. అయితే ఇప్పుడు రాయి చేతే మాట మార్పించాలి. పొద్దున్నుంచి కాగితం మీద 2 రాసి చూస్తున్నాను. 2ని 3 చేద్దామంటే కింది గీత చెరపాలి. రాతి మీద చెరపడం ఉండదు, తగిలించడమే ఉంటుంది.

తగిలించడమే!

డిసెంబరు 8, సోమవారం

కాలేజీ ఎగ్గొట్టాను. నాన్న సెలవు పెట్టారు. రాయిని ఆటోలో ఎక్కించాం. "నేను లేకపోతే వాడు మిమ్మల్ని దోచేస్తాడు" అని మామ్మ కూడా ఎక్కింది. మేం కోరుకున్నదీ అదే.

చిట్టియ్యగారికి నేను కాగితం మీద గీసి చూపించాను. 2 పైన ఎలాగూ వంకర ఉంది. ఆ వంకరని మూసేసి, కింద మిగిలిన గీతని చుట్టేస్తే 8 అవుతుంది.

"అవుతుందండి. కొంచెం బొద్దుగా వస్తుంది. నూటయాభై ఇప్పించండి" అన్నాడు.

"డబ్బులేంటి?" అన్నాను. "అక్షరం కింద ఏది తగిలించినా ఫ్రీ అన్నారు కదండీ. ఇది ఒత్తే."

"ఇది అంకె కదండి, అమ్మాయిగారండి. అంకెలకి ఒత్తులుంటాయాండి?"

నేను తడబడ్డాను. అంతలో వెనకనుంచి మామ్మ గొంతు లేచింది.

"ఏవయ్యా చిట్టియ్యా! డబ్బు తీసుకునేటప్పుడు అంకెకి అక్షరం రేటే తీసుకున్నావా లేదా?"

"ఆయ్, తీసుకున్నానండి."

"తీసుకునేటప్పుడు అక్షరమూ, ఇచ్చేటప్పుడు అంకే అయిపోద్దేంటి? అక్షరమైతే ఒత్తు ఫ్రీ. అంకె అయితే నా ఎనభైలు వెనక్కియ్యి."

"టీచరుగారండీ..."

"ఒత్తులు నేర్పినందుకు ఫీజు తీసుకున్నానా?"

చిట్టియ్యగారు మిషను ఆన్ చేశాడు. మామ్మ నడుం మీద చేతులు పెట్టుకుని, గెలిచిన ముఖంతో, దుమ్ము ఎగురుతుంటే దగ్గుతూ చూస్తూ నిలబడింది. బేరం గెలిచిందే కానీ ఏం గెలిచిందో చూసుకోలేదు. మిషను ఆగాక రాయి మీదికి వంగి, కళ్ళు చికిలించి, వేలితో తడిమి చదివింది.

"రెండు... సున్నా... ఎనిమిది." ఆగింది. "ఎనిమిదేంటి? రెండు వేల ఎనభయ్యా?"

"అవును మామ్మా."

"అప్పటికి నాకు నూటముప్పై కదే!"

"చెక్కించేశాం మామ్మా. వృథా చేస్తావా?"

నాన్న పక్కకి తిరిగి రోడ్డు చూస్తున్నారు. ఆయన భుజాలు కదులుతున్నాయి. మామ్మ నన్ను చూసింది, రాయిని చూసింది, చిట్టియ్యగారిని చూసింది. తన బేరం ఇంత చక్కగా తన మీదికే తిరగడం ఆవిడకెప్పుడూ జరగలేదనుకుంటాను.

చివరికి పెద్దగా నిట్టూర్చింది. "ఇంకేం చేస్తాం! చచ్చినట్టు బతకాలి."

చచ్చినట్టు బతకాలి! ఏ నిఘంటువు చూసి చెప్పగలను ఆ మాటకి అర్థం?

"శ్యాంబాబూ" అంది మామ్మ వెంటనే. "మాత్రలు తెచ్చావా? ఈపూటది ఇంకా పడలేదు."

నాన్న జేబులోంచి తీసి ఇచ్చారు. మామ్మ మాత్ర మింగి, సీసాలో మిగిలిన నీళ్ళు మూత బిగించి సంచిలో పెట్టుకుంది.

అప్పుడు నేను నా మూట తీశాను. "చిట్టియ్యగారూ, పేరు కింద ఇంకో ఆరక్షరాలు వేయండి." కాగితం ఇచ్చాను.

అమ్మ
ఇంకా ఉంది

చిట్టియ్యగారు రెండుసార్లు చదువుకున్నాడు. "అంటే రాయి ఇంకోటి ఉందాండి?"

"లేదండి. అంతే వేయండి."

నాన్న ఆ కాగితం తీసుకుని చదివి, మడిచి, తిరిగి చిట్టియ్యగారికి ఇచ్చేశారు. భుజం మీద తువ్వాలు తీసి రాయి మీద దుమ్ము తుడవడం మొదలుపెట్టారు. దుమ్ము పోయాక కూడా తుడుస్తున్నారు.

మామ్మ మాత్రం నోట్లో లెక్కేసుకుంది. "అ, మ్మ, ఇం, కా, ఉం, ది. ఆరే. ఒక ఒత్తు, రెండు సున్నాలు ఫ్రీ." నా వీపు మీద ఒక్కటి చరిచింది. "బాగా రాశావే!"

నా రచన మీద వచ్చిన మొదటి విమర్శ ఇది.

డిసెంబరు 10

మామ్మ కొబ్బరి మొక్కకి నీళ్ళు పోసింది. బియ్యం కడిగిన నీళ్ళే.

డిసెంబరు 11

కంటి ఆపరేషనుకి తేదీ ఇచ్చారు. మామూలు లెన్సు వేయమంటారా, ఖరీదైనది వేయమంటారా అని అడిగారట. "ఖరీదైనదే వెయ్యండి. యాభై ఏళ్ళు వాడాలి. రోజుకెంత పడుతుందో లెక్కేస్తే అదే చవక" అందట మామ్మ. డాక్టరుగారు ఆవిడ వయసు కాగితంలో మళ్ళీ చూసుకున్నారని నాన్న చెప్పారు.

రాయి మళ్ళీ ఇంటికే వచ్చింది. అమ్మ దాన్ని వంటింట్లోకి రానివ్వలేదు. పెరట్లో కొబ్బరి మొక్క పక్కన గోడకి ఆనించి పెట్టాం. పొద్దున్నే పళ్ళు తోముకుంటూ చూస్తే ఎదురుగా కనిపిస్తుంది, అమ్మ ఇంకా ఉంది అని. అమ్మకి మాత్రం ఒక మంచి చపాతీ బండ కావాలట. మామ్మే కొంటానంది. ఎప్పుడన్నది చెప్పలేదు.

డిసెంబరు 13, శనివారం

నిఘంటువు కొన్నాను!

అద్దం వెనక ఉన్నది కాదు. ఆరక్షరాలు పోగా దానికి డబ్బు చాలదు. గోదావరి గట్టు వైపు పాత పుస్తకాలు అమ్మే ఆయన దగ్గర దొరికింది. ఒకే సంపుటం, అట్ట ఊడిపోయింది, మధ్యలో కొన్ని పేజీలు లేవు. అందుకే సగం ధర. ఎంత అదృష్టం!

ఇంటికొచ్చి, చేతులు కడుక్కుని, మొట్టమొదట "పొదుపు" కోసం వెతికాను. "న" అయిపోయింది. పేజీ తిప్పితే తిన్నగా "ఫ" వచ్చింది.

"ప" మొత్తం లేదు. పొదుపూ లేదు, పిసినారితనమూ లేదు.

మామ్మకి చూపించాను. చేత్తో తూకం వేసినట్టు ఎత్తి చూసింది. "మిగతా మాటలన్నీ ఉన్నాయి కదా?"

"ఉన్నాయి."

"ఎంతకిచ్చాడు?"

"సగం ధరకి."

మామ్మ ముఖం ఎర్రబడింది. "సగమేంటే? ప లేకపోతే పప్పు లేదు, పచ్చడి లేదు, పులుసు లేదు, పండగ లేదు. పిల్లలు లేరు, పెద్దలు లేరు. ఇంక అందులో మిగిలిందేముంది? పావు వంతు కూడా ఎక్కువే! పద, వాడి సంగతి తేలుద్దాం."

మంచం కిందినుంచి అట్టపెట్టె లాగింది. కొత్త చెప్పులు తొడుక్కుని, గుమ్మం ముందు రెండడుగులు వేసి చూసుకుంది. 2080 దాకా వస్తాయట.